తలకు దెబ్బ తగిలింది, స్కాన్ నార్మల్ వచ్చింది: మళ్లీ ఆట ఎప్పుడు?

2025 జనవరి 31న పుణెలో భారత్, ఇంగ్లండ్ నాలుగో టీ20 ఆడుతున్నాయి. మన ఇన్నింగ్స్ చివరి ఓవర్లో జేమీ ఓవర్టన్ వేసిన బంతి శివమ్ దూబే హెల్మెట్‌కు బలంగా తగిలింది. దూబే ఆ ఓవర్ అయ్యేదాకా క్రీజులోనే ఉండి 53 పరుగులు చేశాడు కానీ ఫీల్డింగ్‌కు రాలేదు. అతని బదులు కంకషన్ (దెబ్బ అదురుకు మెదడు పనితీరు కొంతకాలం దెబ్బతినడం) సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన హర్షిత్ రాణా 3 వికెట్లు తీశాడు, భారత్ 15 పరుగులతో గెలిచింది. బ్యాటింగ్ ఆల్‌రౌండర్ స్థానంలో ఫాస్ట్ బౌలర్ ఎలా దిగుతాడని ఇంగ్లండ్ కెప్టెన్ బట్లర్ అడిగాడు. అచ్చం ఇలాంటి గొడవే 2020 డిసెంబర్‌లో కాన్‌బెర్రాలో రవీంద్ర జడేజా బదులు చాహల్ వచ్చినప్పుడూ జరిగింది. మన వాట్సాప్ గ్రూపుల్లో కూడా రెండుసార్లూ వాదన దాని చుట్టూనే తిరిగింది.

ఆ వాదనలో పక్కకు పోయిన విషయం ఒకటుంది. పుణె మ్యాచ్ శుక్రవారం జరిగింది. ఆదివారం ముంబైలో జరిగిన ఐదో మ్యాచ్‌లో దూబే మళ్లీ ఆడాడు. నిబంధన ప్రకారం కంకషన్ అని తేలకపోయినా, అనుమానం ఉంటే చాలు, సబ్‌స్టిట్యూట్‌ను తీసుకోవచ్చు. ఆ అనుమానం తర్వాత తీరిపోతే ఆటగాడు వెంటనే తిరిగి రావచ్చు కూడా. కాబట్టి ఆ ఒక్క సంఘటన మీద తీర్పు చెప్పడం నా ఉద్దేశం కాదు. కానీ నిజంగానే కంకషన్ అయితే, రెండు రోజుల్లో ఆడొచ్చా? వారమా? మూడు వారాలా? చీకటి గదిలో పడుకోవాలా, నడవాలా? స్కాన్‌లో ఏమీ లేదంటే పూర్తిగా తగ్గినట్టేనా? కొడుకో కూతురో గ్రౌండ్ నుంచి తల పట్టుకుని ఇంటికి వచ్చిన ప్రతి తల్లిదండ్రులకూ ఎదురయ్యే ప్రశ్నలివి. వీటికి జవాబులు గత 10, 15 ఏళ్లలో చాలా మారాయి. పాత సలహా, కొత్త సలహా కలిసిపోయి తిరుగుతుండటమే ఈ గందరగోళానికి సగం కారణం.

గిన్నెకు గీత పడకుండా లోపల పెరుగు చెదిరినట్టు

మెదడు గట్టి వస్తువు కాదు. తోడుకున్న పెరుగులా మెత్తగా ఉంటుంది. పుర్రె లోపల పలుచని ద్రవంలో తేలుతూ ఉంటుంది. పెరుగు గిన్నెను ఒక్కసారి గట్టిగా కుదిపి ఆపితే గిన్నెకు ఏమీ కాదు, లోపల పెరుగు మాత్రం చెదురుతుంది. తల హఠాత్తుగా ఊగి ఆగినప్పుడు, ముఖ్యంగా మెలి తిరిగినట్టు ఊగినప్పుడు, మెదడులోని సన్నని నరాల తీగలు సాగుతాయి. కంకషన్ అంటే ఇదే: దెబ్బ అదురు మెదడుకు చేరి, అది పనిచేసే తీరు కొంతకాలం దెబ్బతినడం. దెబ్బ తలకే తగలాలని లేదు. కబడ్డీలో ఛాతీ మీద గట్టి ఢీ తగిలి మెడ విదిలినా ఆ అదురు మెదడుకు చేరవచ్చు.

హెల్మెట్ ఉన్నా కంకషన్ ఎందుకు వస్తుందో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది, ముఖం చిట్లకుండా కాపాడుతుంది. అందుకు అది తప్పనిసరి. లోపల పెరుగు కదలకుండా మాత్రం పూర్తిగా ఆపలేదు.

నరాలు సాగిన ఆ క్షణంలో కణాల పొరల గుండా పొటాషియం బయటికి, కాల్షియం లోపలికి అదుపు లేకుండా పారతాయి. వాటిని మళ్లీ సర్దడానికి కణాల్లోని పంపులు ఆపకుండా పనిచేయాలి. అందుకు చాలా శక్తి కావాలి. సరిగ్గా అదే సమయంలో మెదడుకు రక్తప్రసరణ తగ్గుతుంది. ఎండాకాలంలో ఊళ్లో అందరూ ఒకేసారి మోటార్లు వేస్తే వోల్టేజీ పడిపోతుంది చూడండి, అలాంటి పరిస్థితి. బల్బు వెలుగుతూనే ఉంటుంది కానీ మసకగా. కంకషన్ అయిన మనిషి కూడా నడుస్తాడు, మాట్లాడతాడు, కానీ మసకగా. ఆ వోల్టేజీ మళ్లీ నిలకడగా వచ్చేదాకా రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. ఆలోపు మీద ఇంకో పెద్ద లోడు పడితే తట్టుకునే బలం దానికి ఉండదు. కోలుకోవడం గురించి డాక్టర్లు చెప్పే ప్రతి జాగ్రత్తకూ మూలం ఇక్కడే ఉంది.

లక్షణాలు మనకు తెలిసిన మాటల్లోనే ఉంటాయి. తల దిమ్ముగా ఉండటం, కళ్లు తిరగడం, వికారం, వెలుతురు చూడలేకపోవడం, చిన్న శబ్దానికే చిరాకు, మాట వెతుక్కోవడం, అడిగిందే మళ్లీ అడగడం, నిద్ర ఎక్కువ కావడమో పట్టకపోవడమో, ఊరికే ఏడుపు రావడం. స్పృహ తప్పితేనే కంకషన్ అనే నమ్మకం మనలో బలంగా ఉంది. ఆటల్లో కంకషన్ అయినవాళ్లలో చాలా ఎక్కువమంది అసలు స్పృహ తప్పరు. "బొప్పి కట్టింది, ఇక లోపల ఏమీ కాలేదు" అనేవాళ్లూ ఉన్నారు. బొప్పి చర్మం కింద వాపు మాత్రమే, లోపలి సంగతి దాన్నిబట్టి తెలియదు.

స్కాన్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

తలకు దెబ్బ తగలగానే సీటీ స్కాన్ తీయించడం మన దగ్గర అలవాటైంది. రిపోర్ట్‌లో "నార్మల్" అని చూడగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఊపిరి పీల్చుకోవాల్సిందే, కాకపోతే దేనికన్నది తెలియాలి. సీటీ వెతికేది రక్తస్రావం కోసం, పుర్రె పగుళ్ల కోసం. అవి లేవంటే ప్రాణాపాయం కలిగించే పెద్ద విషయాలు కనిపించలేదని అర్థం. కంకషన్‌లో దెబ్బతినేది మెదడు ఆకారం కాదు, పనితీరు. వోల్టేజీ తక్కువగా ఉన్న ఇంటిని ఫొటో తీస్తే వైరింగంతా బాగానే కనబడుతుంది. అందుకే కంకషన్‌లో స్కాన్ మామూలుగా నార్మల్‌గానే వస్తుంది. "నార్మల్ కాబట్టి కంకషన్ లేదు" అనేది తప్పు. "నార్మల్ కాబట్టి రేపు ఆడొచ్చు" అనేది ఇంకా పెద్ద తప్పు. అలాగే ప్రతి దెబ్బకూ స్కాన్ అక్కర్లేదు. పరీక్ష చేశాక డాక్టర్ అవసరం లేదంటే అది నిర్లక్ష్యం కాదు, ముఖ్యంగా పిల్లలకు అనవసరంగా రేడియేషన్ ఇవ్వకపోవడం మంచిదే.

రక్తస్రావం వేరు, కంకషన్ వేరు అని తేల్చుకోవడం ఎంత అవసరమో భారత మాజీ క్రికెటర్ రమణ్ లాంబా చావు గుర్తుచేస్తుంది. 1998 ఫిబ్రవరిలో ఢాకాలో ఒక క్లబ్ మ్యాచ్. లాంబా హెల్మెట్ లేకుండా బ్యాటర్‌కు బాగా దగ్గరగా ఫీల్డింగ్ చేస్తున్నాడు. బంతి తలకు తగిలింది. లేచి తన కాళ్ల మీదే డ్రెస్సింగ్ రూమ్‌కు నడిచి వెళ్లాడు. ఆ తర్వాత పరిస్థితి విషమించింది. మూడు రోజులకు, 38 ఏళ్ల వయసులో, చనిపోయాడు. పుర్రె లోపల రక్తం చేరుతున్నా మనిషి కాసేపు మామూలుగా కనిపించే వ్యవధి ఒకటి ఉండవచ్చు. మొదటి ఒకటి రెండు రోజులు పక్కన ఒకరు కనిపెట్టుకుని ఉండాలని చెప్పేది అందుకే. తలనొప్పి అంతకంతకూ పెరగడం, మళ్లీ మళ్లీ వాంతులు, ఫిట్స్, ఒక చేయో కాలో బలహీనపడటం, ఒకటి రెండుగా కనిపించడం, మత్తు పెరిగి లేపినా సరిగా లేవకపోవడం, మెడనొప్పి, వింత ప్రవర్తన: ఇవి కంకషన్ దాటిన ప్రమాద సూచనలు. వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయాల్సిన పరిస్థితి.

2014 నవంబర్‌లో సిడ్నీలో చనిపోయిన ఆస్ట్రేలియా బ్యాటర్ ఫిలిప్ హ్యూస్ పేరు కూడా కంకషన్ చర్చల్లో వస్తుంటుంది. బంతి అతని మెడకు తగిలి, మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని చీలింది. అది కంకషన్ కాదు. అయితే తలకు, మెడకు తగిలే దెబ్బలను క్రికెట్ లోకం చూసే తీరు మారింది ఆ విషాదం తర్వాతే. చివరికి 2019 ఆగస్టు 1 నుంచి ఐసీసీ కంకషన్ సబ్‌స్టిట్యూట్‌ను అనుమతించింది.

"రాత్రంతా నిద్రపోనివ్వకండి" అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. డాక్టర్ చూసి, ప్రమాద సూచనలు లేవన్నాక నిద్ర మంచిదే. మెదడు కోలుకోవడానికి అది కావాలి. పిల్లను గంటకోసారి తట్టి లేపి నలిపేయడం వల్ల తలనొప్పి పెరగడం తప్ప ప్రయోజనం లేదు.

పరీక్షలన్నీ పాసై, మర్నాడు తలనొప్పితో లేచిన స్టీవ్ స్మిత్

ఐసీసీ సబ్‌స్టిట్యూట్ నిబంధన వచ్చిన నెలలోనే దాని అవసరం లోకానికి కనబడింది. 2019 ఆగస్టు 17, లార్డ్స్ టెస్టు నాలుగో రోజు. ఇంగ్లండ్ బౌలర్ జోఫ్రా ఆర్చర్ వేసిన బౌన్సర్ ఆస్ట్రేలియా బ్యాటర్ స్టీవ్ స్మిత్ మెడకు తగిలింది. అప్పటికి అతని స్కోరు 80. పడిపోయాడు, బయటికి తీసుకెళ్లారు, టీమ్ డాక్టర్ పరీక్షలన్నీ చేశారు. అన్నీ పాసయ్యాడు. గంట కూడా గడవక ముందే తిరిగి బ్యాటింగ్‌కు వచ్చి 92 దగ్గర అవుటయ్యాడు. మర్నాడు పొద్దున లేచేసరికి తలనొప్పి, మగత. మళ్లీ పరీక్ష చేస్తే ఈసారి తేడా కనబడింది. ఆఖరి రోజు అతని బదులు దిగిన మార్నస్ లబుషేన్ టెస్టు చరిత్రలో మొదటి కంకషన్ సబ్‌స్టిట్యూట్. స్మిత్ తర్వాతి హెడింగ్లీ టెస్టు కూడా ఆడలేదు.

ఇక్కడ డాక్టర్ తప్పు చేశారని నేను అనడం లేదు. కంకషన్ లక్షణాలు కొన్ని గంటలు ఆలస్యంగా, ఒక్కోసారి మర్నాడు బయటపడతాయి. మైదానం పక్కన చేసే పరీక్ష ఆ నిమిషానికి ఎలా ఉందో మాత్రమే చెబుతుంది. ఇప్పుడు డాక్టర్లు వాడే స్కాట్-6 అనే పరీక్ష సరిగ్గా చేయడానికి కనీసం 10, 15 నిమిషాలు పడుతుంది. అంత వసతి, అంతమంది నిపుణులు ఉన్న చోటే ఇలా జరిగితే, సంక్రాంతి టోర్నమెంట్‌లో నీళ్లు కొట్టి "బాగానే ఉన్నావు కదా, పద" అనే మాటకు ఎంత విలువ ఉంటుందో ఆలోచించండి. అనుమానం ఉంటే ఆ రోజుకు ఆట ముగిసినట్టే అనే నియమం ఈ ఆలస్యం వల్లే వచ్చింది.

ఆ నియమానికి ఇంకో బలమైన కారణం ఉంది. 2016లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనం, దెబ్బ తగలగానే బయటికి వచ్చిన యువ ఆటగాళ్లను, ఆట కొనసాగించినవాళ్లను పోల్చింది. వెంటనే ఆపినవాళ్లు కోలుకోవడానికి సగటున 22 రోజులు పట్టింది. ఆడుతూ ఉండిపోయినవాళ్లకు 44 రోజులు. చిన్న అధ్యయనమే, 69 మంది మీద చేసింది. కానీ "ఈ ఒక్క మ్యాచ్ ఆడేస్తా సార్" అనే పిల్లకు చూపించదగ్గ లెక్క అది.

చీకటి గది సలహా ఎందుకు పోయింది

ఒకప్పుడు కంకషన్ అయితే చీకటి గదిలో పడుకోబెట్టేవారు. చదువు లేదు, టీవీ లేదు, స్నేహితులు లేరు, లక్షణాలన్నీ పోయేదాకా అంతే. వినడానికి సబబుగానే ఉంటుంది, కాలు విరిగితే కదపం కదా. 2015లో వెలువడిన ఒక అధ్యయనంలో, అమెరికాలోని మిల్వాకీలో 11 నుంచి 22 ఏళ్ల వాళ్లను రెండు జట్లు చేసి చూశారు. ఒక జట్టుకు 5 రోజులు పూర్తి విశ్రాంతి, రెండో జట్టుకు ఒకటి రెండు రోజుల విశ్రాంతి తర్వాత మెల్లగా మామూలు జీవితం. ఎక్కువ పడుకున్నవాళ్లే ఎక్కువ లక్షణాలు చెప్పారు, అవి తగ్గడానికీ ఎక్కువ సమయం పట్టింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లను 5 రోజులు చీకటి గదిలో ఒంటరిగా ఉంచినా తలనొప్పి, దిగులు, నిద్ర చెడటం వస్తాయి. దెబ్బ తిన్న మెదడుకు ఇంకా ఎక్కువ.

తర్వాత అమెరికాలోనే బఫలోలోని పరిశోధకులు ఇంకో అడుగు వేశారు. 2019లో వాళ్లు ప్రచురించిన ప్రయోగంలో టీనేజీ ఆటగాళ్లలో కొందరికి మొదటి వారంలోనే తేలికపాటి ఏరోబిక్ వ్యాయామం ఇచ్చారు, మిగతావాళ్లకు ఒళ్లు సాగదీసే స్ట్రెచింగ్ ఇచ్చారు. వ్యాయామం చేసినవాళ్లు 13 రోజుల్లో, స్ట్రెచింగ్ చేసినవాళ్లు 17 రోజుల్లో కోలుకున్నారు. ఇవి మధ్యస్థ లెక్కలు, అంటే సగంమంది ఆలోపే కోలుకున్నారు. లక్షణాలు పెరగనంత మోతాదులో గుండె కాస్త వేగంగా కొట్టుకోవడం మెదడుకు మేలే చేస్తుందన్నమాట.

మరి ఫోన్ సంగతి? 2021లో వచ్చిన ఒక ప్రయోగంలో మొదటి 48 గంటలు స్క్రీన్ పక్కన పెట్టినవాళ్లకు మూడున్నర రోజుల్లో, చూస్తూ ఉన్నవాళ్లకు 8 రోజుల్లో తగ్గింది. పైకి ఇది ముందు చెప్పినదానికి విరుద్ధంగా అనిపిస్తుంది. ఒక చోట విశ్రాంతి చెడ్డదంటున్నారు, ఇంకో చోట మంచిదంటున్నారు. తేడా గడువులో ఉంది. మొదటి 24 నుంచి 48 గంటలు వోల్టేజీ బాగా తక్కువగా ఉండే సమయం. అప్పుడు ఇంట్లో తిరగడం, కాస్త నడవడం, మనుషులతో మాట్లాడటం లాంటివి చాలు. ఆ తర్వాత రోజురోజుకూ కొంచెం పెంచుకుంటూ పోవాలి. ఆటల్లో కంకషన్ మీద 2022 అక్టోబర్‌లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన ఆరో అంతర్జాతీయ సమావేశం ఈ మాటే ఖాయం చేసింది. 2023లో వెలువడిన ఆ ఒప్పంద పత్రమే ఇప్పుడు చాలా దేశాల నియమాలకు ఆధారం.

"కొంచెం" అంటే ఎంత? ఆ పత్రంలో దీనికి చక్కటి కొలత ఉంది. పని మొదలుపెట్టే ముందు తలనొప్పికి 0 నుంచి 10 దాకా ఒక మార్కు వేసుకోవాలి. పని వల్ల అది 2 మార్కులకు మించి పెరగకుండా, పెరిగినది గంటలోపు సర్దుకుంటే పర్వాలేదు. అంతకంటే పెరిగితే ఆపి, మర్నాడు మళ్లీ ప్రయత్నించడమే.

ఒక రైడర్ ఉదాహరణ: మొదటి రోజు నుంచి మ్యాచ్ దాకా

లెక్క తేలిగ్గా అర్థం కావడానికి ఒక ఊహా పాత్రను తీసుకుందాం. భవాని, 16 ఏళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం, కాలేజీ కబడ్డీ జట్టులో రైడర్. సంక్రాంతి పోటీల్లో డిఫెండర్ కాలు పట్టి లాగితే వెనక్కి పడి తల నేలకు కొట్టుకుంది. లేచింది, కానీ తమ కోర్టు ఎటువైపో తికమకపడింది. పీఈటీ గారు బయటికి తీసుకొచ్చేశారు. డాక్టర్ చూసి ప్రమాద సూచనలు లేవని, కంకషన్ అని చెప్పారు.

మొదటి రెండు రోజులు ఇల్లే. వాకిట్లో నడక, ఫోన్ పక్కన. నొప్పి ఎక్కువైతే డాక్టర్ చెప్పిన మేరకు పారాసెటమాల్. మూడో రోజు 20 నిమిషాల నడకకు తలనొప్పి 2 నుంచి 3కి వెళ్లి అరగంటలో తగ్గింది. ఒక మార్కే పెరిగింది, సమస్య లేదు. అదే రోజు 15 నిమిషాలు పుస్తకం చదివి ఆపింది.

ఐదో రోజు సైకిల్. ఇక్కడ గుండె వేగం లెక్క వస్తుంది. గరిష్ఠ వేగానికి వాడుకలో ఉన్న అంచనా 220 లోంచి వయసు తీసేయడం: 220 - 16 = 204. ఆటకు తిరిగి రావడానికి ఉన్న ఆరు మెట్లలో ఇంట్లో తిరగడం, నడక మొదటిదైతే, ఈ సైకిల్ రెండోది. దాని తొలి భాగం గరిష్ఠ వేగంలో 55 శాతం వరకు, అంటే నిమిషానికి 112. తర్వాతి భాగం 70 శాతం వరకు, అంటే 143. భవాని ఉత్సాహంలో 112 దాటించేసింది, తలనొప్పి 1 నుంచి 4కి ఎగిరింది. 3 మార్కులు. ఆపేసింది. ఆరో రోజు నిదానంగా తొక్కితే ఏమీ కాలేదు. ఇలా ఒకసారి వెనక్కి జరగడం అపజయం కాదు, ఈ దారిలో ఎదురయ్యేదే.

ఏడో రోజు నుంచి సగం పూట కాలేజీ, పదో రోజుకు పూర్తి క్లాసులు. మన ఇంటర్ కాలేజీల్లో క్లాసుల తర్వాత రాత్రిదాకా స్టడీ అవర్లుంటాయి. అసలు భారం అక్కడే. ఆటకు తిరిగి రావడం కంటే ముందు చదువుకు తిరిగి రావడం పూర్తి కావాలని ఆమ్‌స్టర్‌డామ్ పత్రం స్పష్టంగా చెబుతుంది. క్లాసు మధ్యలో కాస్త విరామం, స్లిప్ టెస్టులు వాయిదా, నోట్స్ ఫ్రెండ్ ఇవ్వడం, ఇంతే కావాల్సింది. దీనికి కాలేజీ ఒప్పుకోవాలి. చేయి విరిగి కట్టుతో వస్తే అందరూ ఒప్పుకుంటారు. తలకు కట్టు లేదు కాబట్టి ఈ పిల్ల మాట ఎవరూ నమ్మరు, నన్ను అన్నిటికంటే బాధపెట్టేది అదే.

పదకొండో రోజుకు విశ్రాంతిలో లక్షణాలు లేవు. పన్నెండో రోజు ఒంటరిగా ఫుట్‌వర్క్, జట్టుకు దూరంగా, ఎవరూ తగిలే వీలు లేకుండా. ఇది మూడో మెట్టు. నాలుగో మెట్టు జట్టుతో, కానీ ఢీలు లేని ప్రాక్టీసు. ఐదోది పూర్తి టాకిల్స్‌తో ప్రాక్టీసు. ఆరోది మ్యాచ్. మెట్టుకూ మెట్టుకూ మధ్య కనీసం 24 గంటలు. నాలుగో మెట్టు ఎక్కాలంటే కష్టపడ్డాక కూడా లక్షణాలు ఉండకూడదు, డాక్టర్ అనుమతి ఉండాలి. భవాని 14వ రోజున ఆ మెట్టు ఎక్కి, 17న టాకిల్స్ మొదలుపెట్టి, 20వ రోజుకు మ్యాచ్‌కు సిద్ధమైందనుకుందాం. ఇది నేను అందంగా కల్పించిన లెక్క కాదు. ఆమ్‌స్టర్‌డామ్ సమావేశం కోసం అధ్యయనాలన్నిటినీ కలిపి చూస్తే లక్షణాలు పోవడానికి సగటున 14 రోజులు, చదువుకు పూర్తిగా తిరిగి రావడానికి 8, ఆటకు 20 రోజుల దాకా పట్టింది. సగటు కాబట్టి కొందరికి వారం, కొందరికి నెల దాటుతుంది.

7, 12, 21: ఏ లెక్క సరైనది?

ఇదే భవాని బ్రిటన్‌లో ఉంటే 20వ రోజు ఆడనివ్వరు. అక్కడ 2023లో వచ్చిన నియమావళి ప్రకారం సాధారణ స్థాయి ఆటల్లో కనీసం 21 రోజుల తర్వాతే పోటీ. పైగా విశ్రాంతిలో లక్షణాలు లేకుండా 14 రోజులు గడిస్తేనే ఢీలున్న ప్రాక్టీసు. భవానికి 11న పోయాయి కాబట్టి 25వ రోజు దాకా టాకిల్స్ లేవు. ఆస్ట్రేలియా 2024లో దాదాపు ఇదే పద్ధతి తీసుకుంది. ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్‌లో మాత్రం కనీసం 12 రోజులు. ఐసీసీ 2025 మధ్యలో మార్చిన నిబంధనల్లో, కంకషన్ అని తేలిన ఆటగాడు కనీసం 7 రోజులు ఆడకూడదు. సబ్‌స్టిట్యూట్లుగా ఎవరొస్తారో మ్యాచ్‌కు ముందే చెప్పాలన్న నియమం కూడా అప్పుడే వచ్చింది. అప్పటిదాకా లేని ఈ కనీస గడువు చిన్న మార్పు కాదు.

గడువు ఎక్కువ ఉండాలనేవారి వాదన ఇది. లక్షణాలు పోయినా మెదడు లోపలి మార్పులు ఇంకా కొన్నాళ్లు ఉంటాయని పరిశోధనలు సూచిస్తున్నాయి. కంకషన్ తర్వాత తిరిగి వచ్చిన ఆటగాళ్లకు కాళ్ల గాయాలు ఎక్కువగా అవుతున్నాయని కూడా గమనించారు, అంటే ఒంటి సమన్వయం పూర్తిగా కుదిరినట్టు లేదు. అన్నిటికంటే పెద్దది, లక్షణాలు చెప్పాల్సింది ఆటగాడే. సెలెక్షన్స్ ముందున్నప్పుడు ఎవరు నిజం చెబుతారు?

అటువైపు వాదనలోనూ బలముంది. ప్రతి ఒక్కరూ ఒకేలా కోలుకోరు. 8 రోజుల్లో నిజంగా తగ్గిన పిల్లను 21 రోజులు ఆపితే, తర్వాతిసారి దెబ్బ తగిలినప్పుడు ఆమె నోరు విప్పదు, పక్కవాళ్లూ విప్పరు. ప్రొఫెషనల్ జట్టుకు రోజూ చూసే డాక్టర్, పాత పరీక్షల రికార్డు ఉంటాయి, కాబట్టి వాళ్లు క్యాలెండర్ కంటే మనిషిని చూసి నిర్ణయించగలరు. రెండు వాదనలూ నిజమే కాబట్టే ఒకే దేశంలో రెండు లెక్కలున్నాయి. నా మటుకు నాకు, డాక్టర్ దగ్గర్లో లేని మన స్కూలు, కాలేజీ ఆటలకు ఎక్కువ రోజుల లెక్కే భద్రంగా కనిపిస్తుంది. 16 ఏళ్ల పిల్లకు ఇంకో వారం కబడ్డీ పోతే పెద్దగా పోయేదేమీ లేదు.

నాలుగు వారాలు దాటితే

అప్పుడు దాన్ని వేరుగా చూస్తారు. మెదడు ఇంకా గాయపడే ఉందని అర్థం కాకపోవచ్చు. దెబ్బలో మెడ కూడా పట్టేసి తలనొప్పి అక్కడి నుంచి వస్తుండవచ్చు. చెవి లోపలి సమతౌల్య వ్యవస్థ దెబ్బతిని కళ్లు తిరుగుతుండవచ్చు. మునుపటి మైగ్రేన్ తిరగబెట్టి ఉండవచ్చు. ఆట, స్నేహితులు దూరమైన దిగులు ఉండవచ్చు. వీటిలో ప్రతిదానికీ చికిత్స ఉంది, మెడకు ఫిజియోథెరపీ, సమతౌల్యానికి ప్రత్యేక వ్యాయామాలు, మనసుకు కౌన్సెలింగ్. "స్కాన్ నార్మలే కదా, చదువు ఎగ్గొట్టడానికి నాటకం" అని పెద్దలు తేల్చేసే దశ కూడా సరిగ్గా ఇదే.

ఒక దెబ్బ మీద ఇంకో దెబ్బ

విల్ పుకోవ్‌స్కీ ఆస్ట్రేలియా క్రికెట్‌లో ఒక తరానికి ఆశ. 2020 డిసెంబర్‌లో ఇండియా-ఎ మీద ఆడుతూ కార్తీక్ త్యాగి బంతి తలకు తగిలింది. 2021 జనవరిలో సిడ్నీలో భారత్ మీద తొలి టెస్టు ఆడి 62 పరుగులు చేశాడు. అదే అతని ఆఖరి టెస్టు కూడా. చిన్నప్పటి నుంచి పదికి పైగా కంకషన్లు. 2024 మార్చిలో ఇంకోసారి తగిలాక కోలుకోవడం కుదరక, 27 ఏళ్లకే 2025లో ఆట మానేశాడు. కొందరికి ప్రతి దెబ్బకూ లక్షణాలు తేలిగ్గా వస్తాయి, మానడానికి ఎక్కువ కాలం పడుతుంది. ఎన్ని కంకషన్లయితే ఆట ఆపాలన్నదానికి మాత్రం ఒక అంకె లేదు. ఒక్కొక్కరి చరిత్ర చూసి మాట్లాడుకుని తేల్చుకోవాల్సిందే.

మొదటిది మానకముందే రెండో దెబ్బ తగిలితే మెదడు ఒక్కసారిగా వాచిపోయి ప్రాణం పోయిన ఘటనలు ఉన్నాయి, ఎక్కువగా పిల్లల్లో, కుర్రవాళ్లలో. ఇది చాలా అరుదు. నిజంగా రెండో దెబ్బ వల్లేనా అని వైద్యుల్లోనే చర్చ ఉంది. కానీ అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం 2009లో చేసిన చట్టం వెనక ఇలాంటి కథే ఉంది. 13 ఏళ్ల కుర్రాడు కంకషన్ అయినా అదే ఫుట్‌బాల్ మ్యాచ్‌లో మళ్లీ ఆడి, మెదడులో రక్తస్రావంతో జీవితకాల వైకల్యం పాలయ్యాడు. కంకషన్ అనుమానమున్న విద్యార్థిని వైద్యుల అనుమతి లేకుండా ఆడించకూడదనే ఆ నియమం 2014 నాటికి 50 రాష్ట్రాలకూ పాకింది.

దశాబ్దాల తర్వాత వచ్చే మెదడు జబ్బు సీటీఈ గురించి కూడా చాలామందికి భయముంటుంది. 2002లో పిట్స్‌బర్గ్‌లో డాక్టర్ బెన్నెట్ ఒమాలు, మాజీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ మెదడులో దాన్ని గుర్తించాడు. ఏళ్ల తరబడి వేలసార్లు తలకు తగిలే దెబ్బలతో ముడిపడిన జబ్బు అది. ఖాయంగా తెలిసేది చనిపోయాక మెదడును పరీక్షించినప్పుడే. ఒక్క కంకషన్ అయి, సరిగా కోలుకున్న కాలేజీ పిల్ల విషయంలో తల్లిదండ్రులు దీన్ని తలుచుకుని రాత్రుళ్లు టెన్షన్ పడాల్సిన పని లేదు.

డాక్టర్ లేని గ్రౌండ్‌లో ఐదు ప్రశ్నలు

మన గ్రౌండ్లలో మొదట చూసేది కోచ్, పీఈటీ, లేదా పక్కనున్న ఆటగాడు. వైద్యులు కానివాళ్ల కోసమే ఆమ్‌స్టర్‌డామ్ నిపుణులు ఒక కాగితం తయారుచేశారు. అందులో లక్షణాలతోపాటు జ్ఞాపకశక్తికి ఐదు ప్రశ్నలుంటాయి. కబడ్డీకి మార్చి అడిగితే ఇలా ఉంటాయి: ఇప్పుడు మనం ఏ గ్రౌండ్‌లో ఉన్నాం? ఇది మొదటి హాఫా, రెండోదా? ఆఖరి పాయింట్ ఎవరికి వచ్చింది? కిందటి మ్యాచ్ ఎవరితో ఆడాం? అందులో గెలిచామా? నీ పేరేంటి, ఇవి ఎన్ని వేళ్లు అని అడగడం కంటే ఇవి మేలు, ఎందుకంటే కంకషన్ అయినవాళ్లు తమ పేరు మరిచిపోరు, ఇప్పుడే జరిగినది మరిచిపోతారు. ఒక్కటి తప్పినా కంకషన్ అనుమానించాల్సిందే. ఐదూ సరిగ్గా చెప్పినా, పిల్ల తల పట్టుకునే ఉంటే, ఆమెను లోపలికి పంపడానికి ఆ జవాబులు చాలవు. లార్డ్స్‌లో స్మిత్ కూడా ఆ రోజు పరీక్షలన్నీ పాసయ్యాడు.